మోడల్‌లో 25, జాబ్ మీద 24.987: ఆ మధ్యలో ఏముంది?

ఒక స్టీలు షాఫ్టు డ్రాయింగ్ మీద వ్యాసం 25 అని, దాని పక్కనే జి6 అని రాసి ఉందనుకుందాం. డిజైన్ చేసినవారు కంప్యూటర్‌లో ఆ షాఫ్టును సరిగ్గా 25.000 మిల్లీమీటర్ల స్తంభంగానే గీస్తారు. ఆ మోడల్‌ను తీసుకొని, దానికి ప్రోగ్రామ్ రాసి, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) లేత్ మీద వెంట్రుకవాసి తేడా లేకుండా 25.000 సైజులోనే షాఫ్టును తీసి ఇన్‌స్పెక్షన్‌కు పంపితే అది రిజెక్ట్ అయి తిరిగి వస్తుంది. ఎందుకంటే ఈ సైజులో జి6 అనే గుర్తుకు అర్థం, షాఫ్టు 24.980కీ 24.993కీ మధ్య ఉండాలని. మోడల్‌ను తు.చ. తప్పకుండా పాటించిన షాఫ్టు డ్రాయింగ్‌ను మాత్రం పాటించలేదన్నమాట. పైగా వెంట్రుకవాసి అన్న మాట ఈ పనిలో బొత్తిగా పనికిరాదు. తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటే, ఇక్కడ మనకు ఇచ్చిన వెసులుబాటు మొత్తం 13 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్.

కంప్యూటర్‌లో డిజైన్ చేసి, కంప్యూటర్ నడిపే మెషిన్‌కు ఇస్తే, తెర మీద కనిపించిందే చేతికి వస్తుందని చాలామంది అనుకుంటారు. ఇంజనీరింగ్ చదివినవారిలో కూడా ఈ నమ్మకం ఉన్నవారు తక్కువేమీ కాదు. నిజానికి డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన లోకం ఒకటి, మెషిన్ దగ్గర నడిచే లోకం ఇంకొకటి. మొదటిదానిలో ప్రతి కొలతా ఒకే ఒక్క అంకె. రెండోదానిలో ఏ కొలతా ఒక్క అంకె కాదు. పది జాబ్‌లు, అంటే మెషిన్ మీద తయారయ్యే ముక్కలు, తీస్తే పది అంకెలు వస్తాయి. ఈ రెండింటి మధ్య ఒప్పందమే టాలరెన్స్. ఆ ఒప్పందం ఎలా కుదురుతుంది, ఎక్కడ చెడుతుంది అన్నదే ఇక్కడి విషయం.

25 ఎందుకు రాశారు?

24.9865 చుట్టూ ఉండవలసిన షాఫ్టుకు 25 అని ఎందుకు రాయాలన్న సందేహం సహజమే. ఆ షాఫ్టు ఒంటరిది కాదు కాబట్టి. అది వెళ్లి కూర్చోవలసిన రంధ్రం ఒకటి ఉంటుంది, దాని కొలత 25 హెచ్7. ఇంగ్లీషు పెద్దక్షరం రంధ్రానికి, చిన్నక్షరం షాఫ్టుకు అన్నది అంతర్జాతీయ ప్రమాణంలోని ఆనవాయితీ. అసలు సైజు నుంచి ఎంత దూరంలో ఉండాలో అక్షరం చెబుతుంది, ఎంత వెడల్పున ఉండవచ్చో అంకె చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ పని కష్టమవుతుంది, ఖర్చు పెరుగుతుంది. 25 హెచ్7 అంటే రంధ్రం 25.000 నుంచి 25.021 వరకు ఉండవచ్చు. షాఫ్టు 24.980 నుంచి 24.993 వరకు. రెండింటినీ జతచేస్తే మధ్యలో ఖాళీ కనీసం 7 మైక్రాన్లు, అత్యధికంగా 41 మైక్రాన్లు ఉంటుంది. షాఫ్టు ఊగకుండా తిరగడానికీ, నూనె పొర నిలవడానికీ ఆ ఖాళీ అవసరం. రెండింటికీ ఉమ్మడిగా ఉండే ఊరిపేరు లాంటిది 25; ఇంటి నంబరు అక్షరంలోనూ అంకెలోనూ ఉంది. మోడల్‌లో గీసింది ఊరిపేరును మాత్రమే.

క్యాడ్‌కు, అంటే కంప్యూటర్‌తో చేసే డిజైన్‌కు, ఈ స్వభావం పుట్టుకతోనే వచ్చింది. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తన పరిశోధన కోసం తయారుచేసిన స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్‌లో, తెర మీద లైట్‌పెన్‌తో గీతలు గీసి, ఈ రెండు గీతలు సమాంతరంగా ఉండాలి, ఈ రెండూ సమాన పొడవులో ఉండాలి అని షరతులు పెట్టవచ్చు. గీసినవారి చేయి వణికినా కంప్యూటర్ ఆ షరతులకు తగ్గట్టు బొమ్మను సరిచేస్తుంది. ఆ తరువాతి దశాబ్దాలలో వచ్చిన పారామెట్రిక్ సాఫ్ట్‌వేర్లన్నీ, ఒక కొలత మారిస్తే దాని మీద ఆధారపడిన కొలతలన్నీ తామే మారిపోయే ఏర్పాటుతో సహా, ఈ ఆలోచనకు వారసులే. కారు బాడీ వంటి వంపుల గణితాన్ని ఫ్రాన్స్‌లో రెనో కంపెనీ ఇంజనీరు పియేర్ బెజియే, సిత్రోయెన్‌లో పనిచేసిన పాల్ ద కాస్తెల్జో విడివిడిగా సాధించారు. ఈ పరిశోధనలన్నిటి దృష్టీ ఒక్కదాని మీదే ఉంది: ఆకారాన్ని చేతివాటం నుంచి, కాగితం ముడతల నుంచి విడిపించి శుద్ధమైన గణితంగా మార్చడం. అది ఘనవిజయమే. కాని అలా మారిన ఆకారంలో తప్పొప్పులకు చోటు ఉండదు. పక్కన ఒక గుర్తుగా రాసి పెట్టకపోతే, ఎంత తేడాను ఓర్చుకోవచ్చో మోడల్‌కు తెలియనే తెలియదు.

అమీర్‌పేటలో క్యాడ్ కోర్సు చేసి వచ్చే కుర్రవాళ్ళ దగ్గర నాకు కనిపించే లోటు ఇదే. మోడల్ గీయడంలో వాళ్ళ వేగం ముచ్చట గొలుపుతుంది. ఈ కొలత మీద జి6 ఎందుకు ఉంది, జి7 ఎందుకు లేదు అని అడిగితే, పాత డ్రాయింగ్‌లో అలాగే ఉంది సార్ అన్న సమాధానం వస్తుంది. తప్పు వాళ్ళది కాదు. కమాండ్లు నేర్పడానికి ఆరు వారాలు చాలు, టాలరెన్స్ నేర్పడానికి షాప్‌లో కొంతకాలం నిలబెట్టాలి.

మోడల్ నుంచి మెషిన్‌కు వెళ్లే దారిలో ఈ గుర్తులు జారిపోవడం కూడా మామూలే. ఒక సాఫ్ట్‌వేర్‌లో గీసిన మోడల్‌ను ఇంకొక సాఫ్ట్‌వేర్ చదవడానికి స్టెప్ అనే తటస్థ ఫార్మాట్ ఉంది. అందులో ఆకారం భద్రంగానే చేరుతుంది కాని, టాలరెన్సులను కూడా మోడల్‌లోనే పొదిగి పంపే కొత్త పద్ధతిని ఇరుపక్షాలూ వాడకపోతే, అవి విడిగా పీడీఎఫ్ డ్రాయింగ్‌లోనే ఉండిపోతాయి. మోడల్ ఒక మెయిల్‌లో, డ్రాయింగ్ ఇంకొక మెయిల్‌లో వచ్చి, ప్రోగ్రామర్ మొదటిది మాత్రమే తెరిస్తే 25.000 షాఫ్టులు తయారవుతాయి. జాగ్రత్తగల ప్రోగ్రామర్ డ్రాయింగ్ చూసి, మధ్యస్థమైన 24.9865కు టూల్‌పాత్‌ను, అంటే కోసే పనిముట్టు నడిచే దారిని, సరిచేసుకుంటాడు.

ఇదే సంగతి మహా పెద్ద కొలమానంలో ఎయిర్‌బస్ ఏ380 విమానం విషయంలో జరిగింది. ఆ విమానంలో సుమారు 530 కిలోమీటర్ల విద్యుత్ తీగలు ఉంటాయి. జర్మనీలోని హాంబర్గ్ బృందం క్యాటియా సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్‌ను, ఫ్రాన్స్‌లోని తులూజ్ బృందం ఐదో వెర్షన్‌ను వాడుతూ వచ్చాయి. పేరు ఒకటే అయినా లోపల అవి వేర్వేరు నిర్మాణాలు. ఒకచోట చేసిన మార్పు రెండోచోటి మోడల్‌లోకి సరిగ్గా చేరలేదు. హాంబర్గ్ నుంచి వచ్చిన తీగల కట్టలను తులూజ్‌లో విమానంలో అమర్చబోతే పొడవు చాలలేదు. 2006లో కంపెనీ భారీ జాప్యాన్ని ప్రకటించవలసి వచ్చింది. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు చేరేసరికి 2007 అక్టోబరు అయింది. ఏ మెషినూ తప్పు చేయని చోట, ఏ కార్మికుడి చేయీ జారని చోట ఇంత నష్టం జరిగింది.

మెషిన్‌కు ఏం తెలుసు?

కంప్యూటర్ మాట వినే మెషిన్ కథ క్యాడ్ కంటే పాతది. హెలికాప్టర్ రెక్కల ఆకారాన్ని బిందువుల పట్టికగా మార్చి, ఆ అంకెలతోనే మెషిన్‌ను నడిపించవచ్చన్న ఆలోచన మిషిగన్ రాష్ట్రానికి చెందిన జాన్ పార్సన్స్‌ది. అమెరికా వైమానిక దళం డబ్బుతో ఎంఐటీ సర్వోమెకానిజం ప్రయోగశాల 1952లో అలాంటి మిల్లింగ్ మెషిన్‌ను ప్రదర్శించింది. ఈనాటి సీఎన్‌సీ మెషిన్లన్నిటికీ అది మూలపురుషుడు.

ఇక్కడ ఒక చిక్కుముడి విప్పాలి. కంట్రోల్ అన్న మాటను మనం రెండు వేర్వేరు పనులకు వాడుతున్నాం. సీఎన్‌సీ మెషిన్ లోపల ఒక కంట్రోల్ ఉంది: స్లైడును ఫలానా చోటికి వెళ్లమని ఆజ్ఞ ఇస్తే, అది నిజంగా ఎక్కడ ఉందో ఎన్‌కోడర్ చూసి చెబుతుంది, ఆజ్ఞకూ వాస్తవానికీ ఉన్న తేడాను మోటారు తగ్గిస్తుంది. సెకనుకు వేలసార్లు జరిగే ఈ సర్దుబాటు అద్భుతమైనదే. అయితే ఎన్‌కోడర్‌కు తెలిసింది స్లైడు స్థానం మాత్రమే. జాబ్ సైజు దానికి కనపడదు. ఇన్సర్ట్ (లోహాన్ని కోసే చిన్న పలుకు) అంచు అరిగితే స్లైడు సరైన చోటే ఉంటుంది, షాఫ్టు మాత్రం కొంచెం లావుగా వస్తుంది. ఉదయం చల్లగా మొదలైన స్పిండిల్ (జాబ్‌ను తిప్పే ఇరుసు) రెండు గంటల తరువాత వేడెక్కి సాగితే ఎన్‌కోడర్ ఆ సంగతి చెప్పదు. కోత ఒత్తిడికి సన్నని షాఫ్టు మధ్యలో వంగితే దానికీ సాక్ష్యం ఉండదు. బార్ ఒక లాట్‌లో కొంచెం గట్టిగా, ఇంకొక లాట్‌లో కొంచెం మెత్తగా వస్తుంది.

అందువల్ల రెండో కంట్రోల్ ఒకటి కావాలి. దాని కాలం సెకన్లలో కాదు, గంటలలో, షిఫ్టులలో నడుస్తుంది. అది స్లైడును కాక జాబ్‌లను చూస్తుంది. ఒక్కో జాబ్‌ను కాక వాటి వరుసను చూస్తుంది. పరిశ్రమలో ప్రాసెస్ కంట్రోల్ అని, గణాంక పద్ధతిలో చేసేదానిని ఎస్‌పీసీ అని పిలిచేది దీనినే.

దీని పుట్టుక 1924 మే 16న. బెల్ టెలిఫోన్ వ్యవస్థ పరికరాల తయారీ విభాగంలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ ఆ రోజు తన పైఅధికారికి ఒక చిన్న నోటు రాశాడు. అందులోని చిత్రమే మొదటి కంట్రోల్ చార్ట్. ఆయన చెప్పిన మాట వినడానికి చాలా సాదాగా ఉంటుంది: ఏ ప్రక్రియలోనైనా తేడాలు తప్పవు, వాటిలో కొన్ని ఆ ప్రక్రియలో సహజంగా ఉండేవి, ఎన్నో చిన్న కారణాల కలయికతో పుట్టేవి, ఇంకొన్ని బయటి నుంచి వచ్చిపడేవి, వెతికితే దొరికే కారణం ఉన్నవి. మొదటి రకాన్ని వెంటాడితే కాలం వృథా, రెండోదాన్ని వదిలేస్తే సరుకు వృథా. ఏది ఏ రకమో తేల్చడమే చార్ట్ పని. షూహార్ట్ 1947-48లో గణాంక శాస్త్రవేత్త పి.సి. మహలనోబిస్ ఆహ్వానం మీద భారతదేశానికి వచ్చి ఇక్కడి కర్మాగారాలవారితో మాట్లాడాడు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆ తరువాత దేశంలో నడిపిన క్వాలిటీ విభాగాలలో ఒకటి హైదరాబాద్ హబ్సిగూడలో ఉంది. టూల్ డిజైన్ నేర్పడానికి 1968లో బాలానగర్‌లో వెలసిన సంస్థ సంగతి మనవాళ్ళకు బాగా తెలుసు. హబ్సిగూడ విభాగం సంగతి తెలిసినవారు తక్కువ.

రెండు జతల గీతలు

మన షాఫ్టు దగ్గరకు తిరిగి వద్దాం. మెషిన్ కుదురుగా ఉన్నప్పుడు వరుస జాబ్‌ల మధ్య తేడాకు ప్రామాణిక విచలనం, అంటే సిగ్మా, 1.5 మైక్రాన్లు అనుకుందాం. లెక్క కోసం తీసుకున్న అంకె ఇది. సగటుకు అటు మూడు సిగ్మాలు, ఇటు మూడు సిగ్మాలు కలిపితే 9 మైక్రాన్లు. దాదాపు అన్ని జాబ్‌లూ, లెక్క ప్రకారం 99.73 శాతం, ఆ 9 మైక్రాన్ల పరిధిలోనే పడతాయి. డ్రాయింగ్ ఇచ్చిన వెడల్పు 13. పదమూడును తొమ్మిదితో భాగిస్తే 1.44. దీనికి సీపీ అని పేరు. గుమ్మం వెడల్పును బండి వెడల్పుతో పోల్చడమే ఇది. బండి సరిగ్గా నడిమధ్యన వెళుతోందా, గుమ్మాన్ని రాసుకుంటూ వెళుతోందా అన్నది సీపీ చెప్పదు. ఆ రెండో ప్రశ్నకు సీపీకే అనే ఇంకొక నిష్పత్తి ఉంది. అందులో సగటు నుంచి దగ్గరి హద్దుకు ఉన్న దూరాన్ని మూడు సిగ్మాలతో భాగిస్తారు. సగటు నడిమధ్యన 24.9865 దగ్గర ఉంటే ఇదీ 1.44. ఇన్సర్ట్ అరిగి సగటు 3 మైక్రాన్లు పైకి జరిగితే పై హద్దుకు మిగిలేది 3.5 మైక్రాన్లే, దాన్ని 4.5తో భాగిస్తే 0.78. బండి అదే, గుమ్మం అదే, నూటికి ఒక జాబ్ హద్దు దాటిపోతోంది.

నూటికి ఒకటి అంటే దాన్ని పట్టుకోవడం ఎలా? ఐదు జాబ్‌లు తీసి ఒక్కోదాన్ని డ్రాయింగ్ హద్దులతో పోలిస్తే, చెడ్డది దొరికే అవకాశం సుమారు 5 శాతం మాత్రమే. ఐదూ ఓకే అని సంతకం పెట్టి వెళ్లిపోతాం. అదే ఐదు కొలతల సగటు తీసి చూస్తే కథ మారుతుంది. ఐదింటి సగటు ఒక్కో జాబ్ కంటే చాలా నిలకడగా ఉంటుంది. దాని సహజమైన హద్దులు నడిమికి అటూ ఇటూ 2 మైక్రాన్లే, అంటే 24.9845 నుంచి 24.9885 వరకు. సగటు నిజంగా 3 మైక్రాన్లు జరిగి ఉంటే మొదటి ఐదు జాబ్‌ల సగటే ఆ గీతను దాటే అవకాశం పదింట తొమ్మిది పాళ్ళకు పైనే. అవే ఐదు షాఫ్టులు, అదే మైక్రోమీటరు. చూసిన తీరు మారింది, అంతే.

షాప్‌లలో ఎక్కువగా కనిపించే గందరగోళం ఇక్కడే ఉంది. డ్రాయింగ్ హద్దులు 24.980, 24.993. కంట్రోల్ హద్దులు 24.9845, 24.9885. మొదటి జత డిజైనర్ కోరిక నుంచి వచ్చింది, రెండో జత మెషిన్ నడవడిక నుంచి వచ్చింది. వీటికి పరస్పరం సంబంధం లేదు. డ్రాయింగ్‌లో టాలరెన్స్ సగానికి తగ్గించినంత మాత్రాన మెషిన్ బుద్ధిగా మారిపోదు. టాలరెన్స్ రెట్టింపు చేసినా కంట్రోల్ గీతలు అంగుళం కదలవు. అయినా ఆడిట్ ముందు రోజు హడావుడిగా చార్ట్ మీద డ్రాయింగ్ హద్దులనే కంట్రోల్ గీతలుగా గీసి గోడకు అంటించిన షాప్‌లను నేను చూశాను. ఆ చార్ట్ మీద అన్ని చుక్కలూ లోపలే ఉంటాయి. రోజూ లోపలే ఉంటాయి. రిజెక్షన్లు మాత్రం కస్టమర్ దగ్గర నుంచి వస్తాయి.

తిప్పిన ప్రతి ఆఫ్‌సెట్ మంచిది కాదు

ఒక షాప్‌లో, పేరు అవసరం లేదు, రాత్రి షిఫ్టులో పనిచేసే ఆపరేటర్ ఒకాయన ఎంతో శ్రద్ధగల మనిషి. ప్రతి జాబ్‌నూ తీసి, తుడిచి, కొలిచేవాడు. 2 మైక్రాన్లు లావుగా వస్తే ఆఫ్‌సెట్‌లో, అంటే పనిముట్టు స్థానాన్ని సవరించే అంకెలో, 2 తగ్గించేవాడు, 1 సన్నగా వస్తే 1 పెంచేవాడు. పగటి షిఫ్టు ఆపరేటర్ కొంత బద్ధకస్తుడని పేరు. గంటకోసారి ఐదు కొలిచి, ఊరకే ఉండేవాడు. నెలాఖరున రెండు షిఫ్టుల కొలతలనూ పక్కపక్కన పెడితే, రాత్రివే ఎక్కువ చెల్లాచెదురుగా ఉన్నాయి. సూపర్‌వైజరు ముందు నమ్మలేదు.

లెక్క చూస్తే ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. సగటు సరైన చోటే ఉన్నప్పుడు ఒక జాబ్ 2 మైక్రాన్లు లావుగా వచ్చిందంటే అది ఆ జాబ్ యాదృచ్ఛికత మాత్రమే. తరువాతి జాబ్‌కు దానితో పని లేదు. మనం ఆఫ్‌సెట్ 2 తగ్గిస్తే, తరువాతి జాబ్ తన సొంత యాదృచ్ఛికతతోపాటు, గడిచిపోయిన జాబ్ యాదృచ్ఛికతను కూడా తలకిందులుగా మోస్తుంది. స్వతంత్రమైన రెండు తేడాలు కలిసినప్పుడు వాటి వర్గాలు కూడుకుంటాయి కనుక, విచలన వర్గం రెట్టింపవుతుంది. సిగ్మా 1.5 నుంచి 2.12కు పెరుగుతుంది, సీపీ 1.44 నుంచి 1.02కు పడిపోతుంది. ముట్టుకోకుండా వదిలేస్తే లక్షకు ఒకటి రెండు జాబ్‌లు హద్దు దాటే చోట, శ్రద్ధగా సరిచేస్తే వెయ్యికి రెండు దాటతాయి. నాణ్యతా గణాంక నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ తన సెమినార్లలో దీన్ని గరాటుతో, గోలీతో చూపించేవారు: గురి మీద గరాటు పెట్టి గోలీలు జారవిడుస్తూ, గోలీ పడిన చోటును బట్టి ప్రతిసారీ గరాటును జరిపితే, జరపకుండా వదిలినప్పటికంటే గోలీలు దూరదూరంగా పడతాయి.

దీని అర్థం ఆఫ్‌సెట్‌ను ముట్టుకోకూడదని కాదు. ఇన్సర్ట్ అరుగుదల యాదృచ్ఛికం కాదు, దానికి ఒక దిశ ఉంది. జాబ్ లావవుతూనే పోతుంది, తనంతట తాను సన్నబడదు. అందుకే అనుభవజ్ఞులైన సెట్టర్లు కొత్త ఇన్సర్ట్ పెట్టినప్పుడు సైజును నడిమికి కొంచెం కిందగా మొదలుపెట్టి, సగటుల వరుస పైకి పాకి ఒక గీతను తాకినప్పుడే, తాకినంత మేరకే, వెనక్కి లాగుతారు. ఒక జాబ్‌కు జవాబు చెప్పడం వేరు, ఒక ధోరణికి జవాబు చెప్పడం వేరు.

ఈ తేడా తెలియని ఆటోమేషన్ మరీ ప్రమాదకరం. 1970ల తొలినాళ్ళలో రోల్స్‌రాయిస్‌లో పనిచేస్తున్న డేవిడ్ మెక్‌మర్ట్రీ, కాంకోర్డ్ విమానపు ఇంజను గొట్టాలను కొలవడం కోసం, తాకగానే సంకేతం ఇచ్చే ప్రోబ్‌ను కనిపెట్టాడు. ఈనాడు అలాంటి ప్రోబ్ మెషిన్ లోపలే ఉంటుంది. జాబ్‌ను చక్ నుంచి విప్పకుండానే కొలిచి, ఆఫ్‌సెట్‌ను తానే మార్చగలదు. ప్రతి కొలతకూ పూర్తి సవరణ చేయమని దానికి చెబితే, మన రాత్రి షిఫ్టు ఆపరేటర్‌ను నిద్రాహారాలు లేకుండా నిలబెట్టినట్టే. దాని లాజిక్‌లో కొంత నిర్లక్ష్యాన్ని కావాలనే పెట్టాలి: చిన్న తేడాలను పట్టించుకోకుండా, లేదా గత కొన్ని కొలతలకు తూకం వేసి సగటు తీసి, అందులో కొంత భాగాన్నే సవరించమని చెప్పాలి.

కొలిచేదీ ఒక ప్రక్రియే

ఇంతవరకు మైక్రోమీటరు చెప్పింది నిజమని అనుకుంటూ వచ్చాం. మెషిన్ నుంచి అప్పుడే తీసిన షాఫ్టు 40 డిగ్రీలలో ఉండి, మైక్రోమీటరు 25 డిగ్రీలలో ఉంటే ఏమవుతుందో చూడండి. స్టీలు ఒక మీటరుకు ఒక డిగ్రీకి దాదాపు 11.5 మైక్రాన్లు సాగుతుంది. 25 మిల్లీమీటర్లకు, 15 డిగ్రీల తేడాకు లెక్కకడితే 4.3 మైక్రాన్లు. డ్రాయింగ్ ఇచ్చిన 13లో మూడో వంతు వేడికే పోయింది. చల్లారాక ఓకే కావలసిన జాబ్ వేడిగా ఉన్నప్పుడు రిజెక్ట్ అవుతుంది, లేదా అంతకంటే చెడుగా, దాన్ని చూసి ఆఫ్‌సెట్ తగ్గించిన తరువాత చేసినవన్నీ చల్లారాక సన్నగా తేలతాయి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డ్రాయింగ్ మీది ప్రతి కొలతా 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరిదే. మే నెల మధ్యాహ్నం జీడిమెట్ల రేకుల షెడ్డులో 20 డిగ్రీలు ఎక్కడివి? అయితే జాబ్, మైక్రోమీటరు రెండూ స్టీలువే అయి, రెండూ ఒకే వేడిలో ఉంటే తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. అల్యూమినియం జాబ్ అయితే అలా పోదు. అది స్టీలుకు దాదాపు రెట్టింపు సాగుతుంది. షాప్‌లలో జాబ్‌లను ఒక ఇనుప బల్ల మీద కాసేపు ఉంచి, మాస్టర్ ముక్కతో మైక్రోమీటరును అక్కడే సరిచూసుకొని కొలవడం వెనక ఉన్న తర్కం ఇది.

పరికరం చదవగల కనీస కొలత గురించీ ఒక మాట. 10 మైక్రాన్ల మెట్లలో చదివే మామూలు మైక్రోమీటరుతో 13 మైక్రాన్ల టాలరెన్స్‌ను కాపలా కాయలేం. టాలరెన్స్‌లో పదో వంతునైనా చదవగల పరికరం కావాలన్నది పాత నియమం. మన షాఫ్టుకు అంటే ఒక మైక్రాన్. దీన్ని పట్టించుకోని చోట గీసిన చార్ట్ మీద చుక్కలు మెట్లమెట్లుగా, రెండు మూడు అంకెల దగ్గరే పోగుపడి కనిపిస్తాయి. ఆ చార్ట్ షాఫ్టుల గురించి కాదు, మైక్రోమీటరు గురించి చెబుతోంది.

మళ్ళీ డిజైనర్ బల్ల దగ్గరికి

షాప్‌లో చుక్కలు ఎలా పడుతున్నాయన్నది డిజైనర్‌కు సంబంధం లేని విషయమని అనిపించవచ్చు. కాని డిజైనర్ తన లెక్కలలో దాన్ని ముందే వాడుకుని ఉంటాడు, చాలాసార్లు తనకు తెలియకుండానే. నాలుగు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చిన అసెంబ్లీ ఉందనుకోండి, ఒక్కోదాని మందానికి టాలరెన్స్ అటూ ఇటూ 0.1 మిల్లీమీటరు. నాలుగూ ఒకేసారి లావు హద్దులో వస్తే మొత్తం ఎత్తు 0.4 పెరుగుతుంది. అలా జరగడం అరుదని, వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే 0.2 చాలునని క్యాడ్‌లోని టాలరెన్స్ విశ్లేషణ చెబుతుంది. ఆ 0.2 అన్న అంకెను నమ్మి, డిజైనర్ ఒక్కో ముక్కకు ఉదారంగా 0.1 ఇస్తాడు, ధర తగ్గుతుంది. అయితే ఆ లెక్క నిలబడాలంటే ప్రతి ముక్క సగటూ నడిమధ్యనే ఉండాలి, ముక్కల తేడాలు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉండాలి. లావు ముక్కను మళ్ళీ కోయవచ్చు, సన్నదాన్ని పెంచలేం అన్న భయంతో ఆపరేటర్లు అన్ని ముక్కలనూ లావు హద్దు వైపే ఉంచుతుంటే, ప్రతి ముక్కా విడిగా ఓకే అవుతుంది, అసెంబ్లీ మాత్రం బిగుసుకుపోతుంది. ఎవరి కాగితం వారిది సరిగ్గానే ఉంటుంది.

కార్ల విడిభాగాల కొనుగోలుదారులు సీపీకే 1.33 అని, ముఖ్యమైన కొలతలకు 1.67 అని అడగడం వెనక ఈ కారణమూ ఉంది. హద్దుల లోపల ఉంటే చాలదు, నడుమ ఉండాలన్న షరతు అది. ఆదిబట్లలో హెలికాప్టర్ల, విమానాల భాగాలు చేస్తున్న పెద్ద ఫ్యాక్టరీలకు ముక్కలు అందించాలనుకునే చిన్న షాప్‌లు నేర్చుకోవలసింది కూడా ఇదే. వాళ్ళకు ఐదు అక్షాల మెషిన్ కొనడం కంటే ముప్పై వరుస జాబ్‌ల కొలతలను దిద్దకుండా ఉన్నవి ఉన్నట్టు రాసి పంపడం కష్టంగా ఉంటుంది.

మన షాఫ్టుకు అలాంటి ముప్పై కొలతలు డిజైనర్ బల్ల మీదికి వచ్చాయనుకుందాం. రాత్రి షిఫ్టుతో కలిపి చూస్తే సీపీ 1.02. షాప్‌వాళ్ళు గ్రైండింగ్ పెడదామంటున్నారు, ఒక్కో షాఫ్టు ధర పెరుగుతుంది. ఆయన తన పాత లెక్క తీసి చూస్తాడు. జి6ను జి7 చేస్తే షాఫ్టు 24.972 నుంచి 24.993 వరకు ఉండవచ్చు. కనీస ఖాళీ మారదు, 7 మైక్రాన్లే. అత్యధిక ఖాళీ 41 నుంచి 49కి పెరుగుతుంది. ఆ 8 మైక్రాన్లను బేరింగ్ ఓర్చుకోలేకపోతే జి6 ఉండవలసిందే, గ్రైండింగ్ డబ్బు పెట్టవలసిందే, లేదా రాత్రి షిఫ్టులో ఆఫ్‌సెట్ అలవాటు మార్పించవలసిందే. ఓర్చుకోగలిగితే మోడల్‌లో ఒక్క గీత కూడా కదలదు. 25 అలాగే ఉంటుంది. పక్కనున్న 6 చెరిపి 7 రాస్తాడు, డ్రాయింగ్ రివిజన్ నంబరు ఒకటి పెంచుతాడు, పాత ప్రింటును మెషిన్ దగ్గరి నుంచి తీసేయించమని షాప్‌కు ఫోన్ చేస్తాడు.